రెండు లైన్లు కలిసే చోటు

పిల్లలకు,

ఆదివారం తెలుగు తరగతిలో మీరొక ప్రశ్న వేశారు: "తాతయ్యా, మ్యాపు మీద గీత గీసి దాని కింద తవ్వుకుంటూ పోవడమే కదా, మన బెంగళూరు మెట్రోకి ఇన్నేళ్లెందుకు?" అప్పుడు టైము చాల్లేదు. మంచి ప్రశ్న కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

గీత గియ్యడానికే చాలా లెక్క ఉంది. జనం ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఏ వేళప్పుడు వెళ్తున్నారో ముందు కనుక్కుంటారు. ఇళ్లకు వెళ్లి అడుగుతారు, కూడళ్లలో నిలబడి బండ్లు లెక్కపెడతారు. మీ అమ్మానాన్నలు మారతహళ్లి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసుకి వెళ్లడానికి పడే పాట్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఆ తర్వాత రోడ్డు వెడల్పు చూస్తారు. వెడల్పుంటే స్తంభాలు లేపి పైనుంచే తీసుకుపోతారు, ఖర్చు బాగా తగ్గుతుంది. చిక్‌పేట, కె.ఆర్. మార్కెట్ లాంటి పాత పేటల్లో స్తంభం నిలబెట్టే చోటేది? అక్కడ నేల కిందికి దిగక తప్పదు.

ఇక తవ్వకం. లాల్‌బాగ్‌లో మీరంతా ఎక్కి ఫొటోలు దిగిన పెద్ద బండ గుర్తుందా? ఆ రాయి వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. బెంగళూరు కింద ఉన్నదీ ఆ జాతి రాయే. అంతటా ఒకేలా ఉంటే పర్వాలేదు. కానీ పైన మట్టి, మధ్యలో గుండ్రాళ్లు, అడుగున గట్టి బండ. దాంతో సొరంగం తొలిచే మిషను ఒకేసారి సగం మట్టినీ సగం రాతినీ కొయ్యాల్సి వస్తుంది. రాయి తగిలిన వైపు పళ్లు అరిగి విరిగిపోతాయి. మెత్తటి వైపు మట్టి ఎక్కువ ఊడొచ్చిందంటే పైన రోడ్డు కుంగుతుంది. మొదటి దశలో ఉత్తరం నుంచి దక్షిణానికి సొరంగాలు తవ్విన మిషన్లకు కావేరి, కృష్ణ, గోదావరి అని పేర్లు పెట్టారు. మన గోదావరి చిక్‌పేట నుంచి మెజెస్టిక్ వైపు వస్తూ రాళ్లలో నానా అవస్థలు పడి గాని బయటపడలేదు. ఆ తర్వాత వచ్చిన మరో లైను, పింక్ లైనుకి 9 మిషన్లు దింపారు. 2024 అక్టోబరుకి దాని సొరంగాలు పూర్తయ్యాయి.

ఇంత చెప్పాను గానీ, నన్నడిగితే తవ్వడం కన్నా కష్టమైన పని ఇంకొకటుంది. మిషన్లూ డబ్బూ ఉంటే ఎంత బండనైనా ఎప్పటికో ఒకప్పటికి తొలిచేస్తారు. రెండు లైన్లు ఎక్కడ, ఎలా కలవాలో ముందే ఆలోచించి పెట్టడం దానికన్నా కష్టం. ఆ ఆలోచన లేకపోతే తవ్విన సొరంగానికి సగం విలువ కూడా రాదు.

ఊరి మధ్యలోని మెజెస్టిక్ స్టేషన్ చూడండి. తూర్పు పడమరలుగా వెళ్లే పర్పుల్ లైను పైన, దాని అడుగున ఉత్తర దక్షిణాలుగా వెళ్లే గ్రీన్ లైను. పర్పుల్ లైను నేల కింది భాగం 2016 ఏప్రిల్లో మొదలైతే గ్రీన్ లైనుది 2017 జూన్లో మొదలైంది. ఏడాదికి పైగా తేడా. అయినా రెండూ అక్కడ కలవాలని ముందే అనుకుని కట్టారు. అందుకే గ్రీన్ లైనులో దిగినవాళ్లు టికెట్ గేటు దాటి బయటికి రానక్కర్లేకుండా పర్పుల్ ప్లాట్‌ఫారానికి చేరతారు. ఒక చేతిలో సంచీ, చంకలో పాప, పక్కన మోకాళ్ల నొప్పులున్న మామ్మ ఉన్న మనిషికి అదెంత మేలో ఆలోచించండి. సెలవులకి హైదరాబాదు వెళ్లినప్పుడు అమీర్‌పేటలో మీరు లైను మారే ఉంటారు. అక్కడా అంతే, రెండు లైన్లూ ఒకే కట్టడంలో ఒకదాని మీద ఒకటి ఉంటాయి.

మన ఊళ్లలో కింది అంతస్తు కట్టి, డబ్బులు సమకూరాక పైది వేసుకుందామని పిల్లర్ల చువ్వలు వదిలేస్తారు చూశారా, మెట్రోలోనూ అలా వదలాలి. తర్వాత వచ్చే సొరంగానికి అడ్డం పడకుండా ఇప్పటి పునాదులు వేయాలి. రేపు దారి తియ్యాల్సిన చోట గోడ సులువుగా పగలగొట్టేలా కట్టాలి. రెండో లైను జనం కూడా వచ్చిపడతారని మెట్లూ ఎస్కలేటర్లూ ఇప్పుడే వెడల్పుగా పెట్టాలి. ముందు చేస్తే వీటికయ్యేది కొంత సిమెంటూ ఇనుమూ. తర్వాత చేయాలంటే నడుస్తున్న రైళ్ల పక్కన, పైన బస్సులు తిరుగుతుండగా తవ్వాలి.

ఎం.జి. రోడ్డు స్టేషన్ 2011లో స్తంభాల మీద మొదలైంది. పింక్ లైను అదే చోటికి నేల కింద వచ్చింది. ఆ స్టేషన్ కోసం 2019లో కామరాజ్ రోడ్డు మూసేస్తే మళ్లీ తెరవడానికి ఏళ్లు పట్టింది. నడిబొడ్డున అంత పెద్ద రోడ్డు మూతపడితే చుట్టుపక్కల దుకాణాలవాళ్లు ఎంత నష్టపోయి ఉంటారో!

బైయప్పనహళ్లి సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. మెట్రో అక్కడ 2011 నుంచే ఉంది. ఆ దగ్గర్లోనే విశ్వేశ్వరయ్య రైల్వే టెర్మినల్ 2022లో మొదలైంది. విజయవాడ మీదుగా వచ్చే రైళ్లు కొన్ని అక్కడే ఆఖరు. తెల్లారగట్ల దిగిన మనవాళ్లు పచ్చళ్ల జాడీలూ బియ్యం సంచులూ మోసుకుని మెట్రోకి నేరుగా నడిచి వెళ్లేలా ఉండాల్సింది, ఆటోవాళ్లతో బేరమాడుతున్నారు. రెండు కొత్త కట్టడాలు అంత దగ్గర్లో లేస్తూ ఒకదాన్నొకటి అందుకోలేకపోవడం నాకు మింగుడుపడదు.

2023లో మన కె.ఆర్. పురంలో జరిగింది మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వైట్‌ఫీల్డ్ నుంచి కె.ఆర్. పురం దాకా మార్చిలో మెట్రో వచ్చింది, బైయప్పనహళ్లి నుంచి అవతల ముందే ఉంది. మధ్యలో రెండు కిలోమీటర్ల చిల్లర మాత్రం లేదు. బెన్నిగానహళ్లి దగ్గర రైలు పట్టాల మీదుగా ఉక్కు గర్డరు పడాలి. అక్టోబరు దాకా అందరూ దిగి, బస్సెక్కి, మళ్లీ మెట్రో ఎక్కారు. ఆ ముక్క పడ్డాకే మనవైపు నుంచి మెజెస్టిక్‌కి ఒకే రైల్లో వెళ్లడం కుదిరింది.

ఇక ముందు రావాల్సినవాటిలో నేను ఎక్కువగా ఆలోచించేది రెడ్ లైను గురించి. హెబ్బాళ్ నుంచి సర్జాపుర దాకా 36 కిలోమీటర్లకు పైగా ఉండే ప్రతిపాదన అది. ఊరి మధ్యలో నేల కింద పోతుంది. కె.ఆర్. సర్కిల్ దగ్గర పర్పుల్ లైనునీ, డైరీ సర్కిల్ దగ్గర పింక్ లైనునీ, అగర దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీది బ్లూ లైనునీ కలవాలి. ఆ చోట్ల నడక ఎంత పొడవుంటుంది, ఎన్ని మెట్లుంటాయి, లిఫ్టు ఎక్కడొస్తుంది అన్నవి కాగితం మీద ఉన్నప్పుడే తేలాలి. హెబ్బాళ్ అయితే ఇంకా పెద్ద పని. మూడు మెట్రో లైన్లూ సబర్బన్ రైలూ అక్కడ ఒకచోటికి రావాలన్నది ఆలోచన. దానికి కావలసిన స్థలం ఇప్పుడే పట్టి ఉంచాలి. అక్కడ భవనాలు లేచాక ఒక్క గజం కొనాలన్నా తల ప్రాణం తోకకొస్తుంది.

వచ్చే ఆదివారం తరగతి అయ్యాక అందరం మెజెస్టిక్ వెళ్దాం. మామ్మ కూడా వస్తానంది. ఒకరు గడియారం తెచ్చుకోండి. పర్పుల్ నుంచి గ్రీన్‌కి మామ్మకి ఎంతసేపు పడుతుందో, మీకెంతసేపు పడుతుందో విడివిడిగా రాసుకుందాం.

మీ తాతయ్య