800 డాలర్ల గీత, ఒక ఫుట్‌నోట్

అమెరికా, కెనడా, మెక్సికోల వాణిజ్య ఒప్పందం (యూఎస్ఎంసీఏ) మళ్లీ వార్తల్లోకి వచ్చింది. 2020 జూలై 1న అమల్లోకి వచ్చిన ఈ ఒప్పందానికి ఆరేళ్లు నిండగానే మూడు దేశాలూ కూర్చుని బాగోగులు చూసుకోవాలని అందులోనే రాసుకున్నారు. అంటే 2026 జూలై 1. ముగ్గురూ సరేనంటే మరో పదహారేళ్ల పొడిగింపు. ఒక్కరు కాదన్నా ఏటేటా సమీక్ష తప్పదు, అలాగే సాగదీస్తూ పోతే 2036లో ఒప్పందానికి చెల్లుచీటీ.

ఈ చర్చ ఎప్పుడు వచ్చినా ముందు వినబడేవి కార్లు, ఉక్కు, పాలు. ఆ వెంటనే మూడు రాజధానుల వాళ్లూ తప్పకుండా పలికే మాట ఇంకొకటుంది: చిన్న వ్యాపారి. ఆయన కోసం ఒప్పందంలో ఏకంగా ఒక అధ్యాయమే ఉంది, ఇరవై అయిదోది. తెరిచి చూస్తే ఒక కమిటీ వేయాలి, వెబ్‌సైట్‌లో సమాచారం పెట్టాలి, అప్పుడప్పుడూ సమావేశం కావాలి అని ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో అలాంటి సమావేశం జరిగింది కూడా. మంచిదే. కానీ సరిహద్దు దాటించాల్సిన పార్శిల్ చేతిలో పట్టుకుని నిలబడ్డవాడికి ఆ అధ్యాయంలో దొరికేది తక్కువ. అతనికి నిజంగా పనికొచ్చిన మాట వేరేచోట ఉంది. ఏడో అధ్యాయంలో, కస్టమ్స్ పద్ధతుల మధ్య, ఒక ఉపనిబంధనలో, దాని కింద ఒక ఫుట్‌నోట్‌లో.

దీనికి ముందున్న ఒప్పందం నాఫ్టా ఎలా పుట్టింది, దాన్ని ఎవరు తిట్టారు, పేరెందుకు మార్చారు అనేవి అందరికీ తెలిసిన సంగతులే కాబట్టి వదిలేస్తున్నాను. నా లెక్కలో కథ మలుపు తిరిగింది 2016 ఫిబ్రవరి 24న. ఆ రోజు అధ్యక్షుడు ఒబామా ఒక కస్టమ్స్ చట్టం మీద సంతకం పెట్టారు. అందులో చిన్న వ్యాపారుల కోసం రెండు పనులు జరిగాయి. ఒకదాన్ని బాగా చాటారు. రెండోది పెద్దగా చప్పుడు చేయలేదు.

మొదటిది, చిన్న సంస్థలు ఎగుమతుల్లోకి దిగడానికి రాష్ట్రాల ద్వారా ఇచ్చే గ్రాంటు. 2010 నుంచి ప్రయోగంగా నడుస్తున్న పథకానికి ఈ చట్టం స్థిరమైన రూపం ఇచ్చి, ఏటా 3 కోట్ల డాలర్ల వరకు ఖర్చు పెట్టుకోవచ్చంది. వాణిజ్య ప్రదర్శనలకు వెళ్లడానికి, వెబ్‌సైట్‌ను ఇంకో భాషలో పెట్టుకోవడానికి ఆ డబ్బు పనికొస్తుంది.

రెండోది ఒక అంకె మార్పు. విదేశం నుంచి ఒక మనిషి పేరున ఒక రోజులో వచ్చే సరుకు విలువ 200 డాలర్లు దాటకపోతే అప్పటిదాకా సుంకం లేదు. ఆ గీతను 800కు జరిపారు. కస్టమ్స్ వాళ్లు దీన్ని 'డి మినిమిస్' అంటారు, పట్టించుకోనక్కర్లేనంత చిన్నది అని. సరిహద్దు పట్టణాల కొరియర్ వాళ్లకు, గోదాముల వాళ్లకు మాత్రం అది 'సెక్షన్ 321'.

సరుకు బయటికి అమ్ముకోవాలనుకునే అమెరికా చిన్న వ్యాపారికి, లోపలికి వచ్చే సరుకు మీద సుంకం తీసేస్తే ఏం ఒరుగుతుంది? చట్టం రాసినవాళ్లకు ఈ ప్రశ్న రాకపోలేదు. మిగతా దేశాలు కూడా తమ గీతలు పైకి జరిపేలా అమెరికా వాణిజ్య ప్రతినిధి ప్రోత్సహించాలని అదే సెక్షన్‌లో రాశారు. ముందు మన తలుపు తీద్దాం, అది చూసి పొరుగువాళ్లూ తీస్తారు అని ఆశ. పదేళ్ల గొడవంతా ఆ ఆశ చుట్టూనే తిరిగింది.

గీత అంత ముఖ్యం ఎందుకైంది? సుంకం ఒక్కటే కారణం కాదు. కాగితాలు కూడా. గీత దాటిన పార్శిల్‌కు సరుకు కోడ్ రాయాలి, ఏ దేశంలో తయారైందో చెప్పాలి, ఎవరో ఒకరు దిగుమతిదారుగా బాధ్యత తీసుకోవాలి, చాలాసార్లు బ్రోకర్‌ను పెట్టుకోవాలి. 80 డాలర్ల స్వెటర్‌కైనా 8,000 డాలర్ల యంత్రానికైనా బ్రోకర్ పని దాదాపు ఒకటే, కాబట్టి ఫీజు కూడా సరుకుతో పాటు చిన్నదైపోదు. యంత్రం అమ్మేవాడికి అది లెక్కలోకి రాదు, స్వెటర్ అమ్మేవాళ్లకు లాభమంతా అందులోనే పోతుంది. గీత కింద ఉన్నంతకాలం ఇవేవీ లేవు. పెట్టె మీద చిరునామా, లోపల ఏముందో ఒక ముక్క, దాని విలువ, అంతే. ప్రభుత్వాలు చిన్న ఎగుమతిదారుకు చేసిన సాయాల్లో ఇదే పెద్దదని నా అభిప్రాయం. దరఖాస్తు పెట్టుకోనక్కర్లేని సాయం మరి.

అయితే ఈ సాయం అందింది అమెరికా వ్యాపారికి కాదు. కెనడాలోని హాలిఫాక్స్‌లో సబ్బులు చేసేవాళ్లకు, మెక్సికోలోని ఒహాకాలో మట్టిపాత్రలు చేసేవాళ్లకు. అటు నుంచి ఇటు దారి తెరుచుకుంది, ఇటు నుంచి అటు మాత్రం కెనడా గీత దశాబ్దాలుగా 20 కెనడా డాలర్ల దగ్గరే ఉండిపోయింది. అందుకే సరిహద్దుకు ఆనుకుని ఉన్న వాషింగ్టన్ రాష్ట్రపు బ్లెయిన్, పాయింట్ రాబర్ట్స్ లాంటి చిన్న ఊళ్లలో పార్శిళ్లు దాచిపెట్టే దుకాణాలు వెలిశాయి. కెనడా వాళ్లు అమెరికా చిరునామాకు సరుకు తెప్పించుకుని, తీరిక రోజున కారేసుకుని వెళ్లి తెచ్చుకునేవారు.

2017, 2018 చర్చల్లో అమెరికా ఈ 20 మీద పట్టుబట్టింది. ఈబే కెనడా విభాగం గీత పెంచాలని ప్రచారం చేసింది, కెనడా రిటైల్ మండలి వద్దే వద్దంది. సుంకం, పన్ను కట్టి సరుకు తెచ్చి వీధిలో దుకాణం పెట్టుకున్నవాడు ఏమైపోవాలన్నది మండలి వాదన. చివరికి మధ్యేమార్గం కుదిరింది: అమ్మకపు పన్నుకు 40, సుంకానికి 150 కెనడా డాలర్లు. మెక్సికో పన్నుకు 50, సుంకానికి 117 అమెరికా డాలర్ల దగ్గర ఆగింది. అందులోనూ మెలిక ఉంది. కెనడా పెంచిన గీత కొరియర్‌లో వచ్చే పార్శిళ్లకే. టపాలో వస్తే పాత 20 డాలర్లే. కొరియర్ ఖర్చు భరించలేకే పోస్టాఫీసుకు వెళ్లే అతి చిన్న వ్యాపారికి, అంటే ఎవరి పేరు చెప్పి ఇదంతా చేశారో ఆయనకు, ఏమీ మారలేదు.

800 ఎక్కడ, 150 ఎక్కడ! ఇది అమెరికా బృందానికి మింగుడుపడలేదని ఆ ఫుట్‌నోట్ చదివితేనే తెలుస్తుంది. అవతలి దేశం చట్టంలోని మొత్తం తమ మొత్తం కంటే తక్కువగా ఉంటే, ఆ దేశపు పార్శిళ్లకు తామూ అంత తక్కువ మొత్తాన్నే వర్తింపజేయవచ్చని దాని సారాంశం. పైన 800 అని ఒప్పుకుని, కింద చిన్న అక్షరాల్లో వెనక్కి తీసుకునే వీలు ఉంచుకున్నారు. అన్నిటికంటే పెద్ద అంకె అమెరికాదే కాబట్టి, అప్పట్లో ఆ ఫుట్‌నోట్‌తో ఎక్కువ పని అమెరికాకే.

ఈలోగా మెక్సికో సరిహద్దు నగరం టిహువానాలో ఇంకో కథ నడిచింది. 2018లో చైనా సరుకుల మీద అమెరికా వరుసగా సుంకాలు వేసింది. చైనా నుంచి కాలిఫోర్నియా రేవులో దిగిన కంటెయినర్‌ను అక్కడే విప్పితే సుంకం కట్టాలి. విప్పకుండా సరిహద్దు దాటించి టిహువానా గోదాములో దించి, ఆర్డర్ వచ్చినప్పుడల్లా ఒక్కో పెట్టెగా మళ్లీ శాన్ డియేగో వైపు పంపితే? ఒక్కో పెట్టె 800 లోపే కదా, సుంకం లేదు. చట్టబద్ధమే. ఇలాంటి గోదాములు కెనడా వైపూ నడిచాయి. మెక్సికో ప్రభుత్వం 2024 డిసెంబరులో రెడీమేడ్ దుస్తుల మీద సుంకాన్ని 35 శాతానికి పెంచి, ఎగుమతి పేరుతో వాటిని సుంకం లేకుండా తెచ్చుకునే వీలును కూడా తీసేసింది. దాంతో ఆ ఊరి గోదాముల వాళ్లకు టెన్షన్ మొదలైంది.

విమానాల్లో నేరుగా వచ్చేవి ఇంకా ఎక్కువ. అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం సుంకం లేని చిన్న పార్శిళ్లు 2015లో 13 కోట్ల 40 లక్షలు, 2024లో 136 కోట్లు. రోజువారీ పార్శిళ్లలో 30 శాతానికి పైగా షీన్, టెము అనే చైనా సరుకు అమ్మే రెండు ఆన్‌లైన్ సంస్థలవే అయివుంటాయని అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఒకటి 2023 జూన్‌లో అంచనా కట్టింది. సబ్బుల వాళ్ల కోసమన్న తలుపులోంచి ఎవరు నడుస్తున్నారో ఆ అంకెలే చెబుతున్నాయి.

అమెరికా బట్టల మిల్లుల వాళ్ల గోడు కూడా ఇదే. తాము సుంకం కట్టిన దారంతో, ఇక్కడి కూలీతో నేసిన చొక్కాకు పోటీగా పైసా కట్టని చొక్కా గుమ్మంలోకి వస్తోందని వాళ్లు అన్నారు. పార్శిళ్లలో ఫెంటానిల్ అనే మత్తుమందు వస్తోందన్న కారణాన్ని ప్రభుత్వం జోడించింది. 2025 ఫిబ్రవరిలో కెనడా, మెక్సికో పార్శిళ్లకు మినహాయింపు తీసేస్తున్నామన్నారు, అంతలోనే వసూలుకు ఏర్పాట్లు పూర్తయ్యేదాకా ఆగుతామన్నారు. మే 2న చైనా, హాంకాంగ్‌లకు మూశారు. ఆగస్టు 29న అన్ని దేశాలకూ మూసేశారు.

ఆ వారం మనవాళ్లకూ గుర్తుండే ఉంటుంది. ఇండియా పోస్టు ఆగస్టు 25 నుంచి అమెరికాకు పార్శిళ్లు ఆపేసింది. అక్టోబరు 15న గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. అమెరికాలోని పిల్లలకు ఆవకాయ, సున్నుండలు కట్టి పంపే ఇళ్లలో 'డి మినిమిస్' అన్న మాట మొదటిసారి వినబడింది అప్పుడే. ప్రపంచం మొత్తం మీద 80కి పైగా దేశాల తపాలా సంస్థలు ఆ రోజుల్లో పూర్తిగానో కొంతవరకో సేవలు ఆపేశాయి. మెక్సికో తపాలా శాఖ కూడా వాటిలో ఉంది.

కెనడా, మెక్సికోల చిన్న వ్యాపారులకు మాత్రం ఒక ఊరట ఉందని చెప్పారు. ఒప్పందం ప్రకారం 'ఉత్తర అమెరికా సరుకు' అని తేలితే సుంకం లేదు. చెప్పడానికి సులువే. 2,500 డాలర్ల లోపు సరుకుకు అమెరికా కస్టమ్స్ పూర్తి ధ్రువపత్రం కూడా అడగదు, ఇన్వాయిస్ మీద ఒక వాక్యం రాస్తే చాలు. కానీ ఆ వాక్యం నిజం కావాలి.

ఉదాహరణకు నోవా స్కోషియాలో చేత్తో అల్లిన ఉన్ని స్వెటర్‌ను తీసుకోండి. అల్లిక కెనడాదే, అల్లినవాళ్లు అక్కడివాళ్లే. నూలు మాత్రం పెరూ నుంచి వచ్చింది. అది ఒప్పందం దృష్టిలో ఉత్తర అమెరికా స్వెటర్ కాదు, ఎందుకంటే బట్టల విషయంలో లెక్క నూలు దగ్గర్నుంచి మొదలవుతుంది. చేనేత ఎరిగిన మనవాళ్లకు నూలు ఎక్కడిదని అడగడం వింతగా అనిపించదు గానీ, ఆన్‌లైన్‌లో నెలకు ఇరవై స్వెటర్లు అమ్ముకునే మనిషికి అది కొత్త పాఠం. నిన్నటిదాకా అడగని ప్రశ్నకు ఇవాళ జవాబు చెప్పాలి, దాని రుజువు అయిదేళ్లు దాచాలి. చెప్పలేకపోతే 2025 ఆగస్టులో కెనడా సరుకు మీద పడిన రేటు 35 శాతం. ఆ శాతాలు అంతకు ముందూ ఆ తర్వాతా నిలకడగా లేవు, కోర్టుల దాకా వెళ్లాయి, కాబట్టి వాటి లెక్కలోకి ఇక్కడ దిగను.

పెద్దవాళ్లకైనా ఈ పాఠం పాతదేమీ కాదు. 2024లో కెనడా నుంచి అమెరికా వెళ్లిన సరుకులో సుమారు 38 శాతం మాత్రమే ఒప్పందం కింద మినహాయింపు అడిగి వెళ్లింది. మిగతాదంతా అర్హత లేనిదని కాదు. మామూలు సుంకమే సున్నానో రెండు మూడు శాతమో ఉన్నప్పుడు కాగితాల కోసం ఎవరు తల బద్దలు కొట్టుకుంటారు? సుంకాలు పెరిగాక పెద్ద కంపెనీలు గుమాస్తాలను పెట్టి కాగితాలు సర్దుకున్నాయి. కెనడా ప్రభుత్వం 2025 మార్చిలో ఎగుమతుల సంస్థ ద్వారా 500 కోట్ల కెనడా డాలర్ల సాయ కార్యక్రమం ప్రకటించింది. స్వెటర్ అల్లేవాళ్లకు కావలసింది అప్పు కాదు, ఫలానా నూలు వాడితే ఫలానా జవాబు అని ఫోన్లో చెప్పే మనిషి.

ఇక అమెరికా చిన్న వ్యాపారి సంగతి. ఆయన కోసమే కదా 2016లో మొదలైంది! ఆయన కెనడాకు కొరియర్‌లో పంపే పార్శిల్‌కు 150 డాలర్ల మినహాయింపు ఒప్పందంలో ఇప్పటికీ ఉంది. తన దేశం మూసేసిన తలుపు పొరుగు దేశంలో ఆయనకు తెరిచే ఉంది. 2025 నవంబరులో ఈ సమీక్ష కోసం వాషింగ్టన్‌లో మూడు రోజులు విచారణ జరిగింది. బల్ల మీద పెట్టదగిన సంగతుల్లో ఇదీ ఒకటి.

800 డాలర్ల మినహాయింపును కేవలం ఉత్తర్వుతో వదిలేయలేదు. 2025 జూలై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టం 2027 జూలై 1 నుంచి దాన్ని రద్దు చేస్తుంది. ఆ రోజు నుంచి అమెరికా చట్టంలో వాణిజ్య పార్శిళ్లకు ఆ గీతే ఉండదు. ఇప్పుడు ఫుట్‌నోట్ మరోసారి చదవండి: అవతలి దేశం చట్టంలోని మొత్తం తక్కువైతే తామూ తగ్గించుకోవచ్చు. కెనడాను బెదిరించడానికి అక్కరకొస్తుందని 2018లో రాయించుకున్న ఆ రెండు మూడు వరుసలు, నేను చదివినంతలో, ఇప్పుడు కెనడా చేతిలో ఉన్నాయి. వాడుతుందా లేదా అన్నది ఒట్టావా ఇష్టం. వాడితే దెబ్బ తగిలేది మాత్రం ఒహాయోలోనో, వెర్మాంట్‌లోనో గరాజ్‌లో కూర్చుని కెనడా ఆర్డర్లు కట్టే మనిషికి.