హైడ్రోజన్ రూపాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: శుద్ధమైన హైడ్రోజన్ అంటే ఒకే రకం అణువులు.

వాస్తవం: ఎంత శుద్ధి చేసినా సిలిండర్లో రెండు రకాలుంటాయి. అణువులోని రెండు ప్రోటాన్లకు స్పిన్ అనే, తమ చుట్టూ తాము తిరుగుతున్నట్టు ఉండే గుణం ఉంటుంది. ఆ స్పిన్‌లు ఒకే దిశలో ఉంటే ఆర్థో, ఎదురెదురుగా ఉంటే పారా. గది ఉష్ణోగ్రత దగ్గర ముప్పాతిక వంతు ఆర్థోనే. మామూలు ప్రయోగాల్లో ఈ తేడాను పట్టించుకోనక్కర్లేదు. ద్రవీకరించేటప్పుడు మాత్రం కొంప ముంచేది ఇదే.

అపోహ: ఇన్సులేషన్ బాగుంటే ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో అలాగే నిలిచి ఉంటుంది.

వాస్తవం: ద్రవ హైడ్రోజన్ ఉండే మైనస్ 253 డిగ్రీల సెల్సియస్ దగ్గర సమతాస్థితిలో 99.8 శాతం పారాయే ఉండాలి. వాయువును గబగబా చల్లార్చేస్తే మాత్రం 75 శాతం ఆర్థోగానే ట్యాంకులోకి దిగుతుంది. ఆ తర్వాత తీరిగ్గా పారాగా మారుతూ, కిలోకు మొత్తం మీద సుమారు 527 కిలోజౌళ్ల వేడి వదులుతుంది. కిలో ద్రవాన్ని ఆవిరి చేయడానికి 446 చాలు! వేడి ద్రవంలోనే పుడుతుంటే బయటి ఇన్సులేషన్ ఏం చేస్తుంది? ఆర్థో ఎక్కువగా ఉన్నప్పుడే మార్పు వేగంగా సాగుతుంది కాబట్టి నష్టమంతా తొలి రోజుల్లోనే ఎక్కువ.

అందుకే మార్పిడిని ద్రవీకరణ దారిలోనే ముగించాలి. హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాల్లో హైడ్రస్ ఫెర్రిక్ ఆక్సైడ్ గుళికలు నింపుతారు, ఆర్థో పారాగా మారడాన్ని వేగవంతం చేసే ఉత్ప్రేరకం ఇదే. ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రత దగ్గర పారా సుమారు సగానికి చేరుతుంది, మిగతాది ఇంకా చల్లటి కింది దశల్లో. వేడిని వీలైనంత పైదశలోనే లాగేస్తే కరెంటు ఆదా. ఉత్ప్రేరకం తేమ పీలిస్తే మందగిస్తుంది కనుక నింపాక వేడిచేసి ఆరబెట్టాలి. పారా శాతం తెలుసుకోవడానికి రసాయన పరీక్ష పనికిరాదు, వాయువు వేడిని ఎంత బాగా మోస్తుందో కొలిచే ఉష్ణవాహకత సెల్ వాడాలి.

అపోహ: భారజలం రేడియోధార్మికం.

వాస్తవం: కాదు. మామూలు హైడ్రోజన్ బదులు ఇందులో ఉండే డ్యుటీరియం బరువైనదే గాని స్థిరమైన ఐసోటోపు (అదే మూలకానికి మరో రూపం). రియాక్టర్‌లో తిరిగిన భారజలంలో న్యూట్రాన్లు సోకి రేడియోధార్మిక హైడ్రోజన్ అయిన ట్రిటియం చేరుతుంది, అనుమానమంతా అక్కణ్నుంచే వచ్చింది. భారజలం 3.8 డిగ్రీలకే గడ్డకడుతుంది, ఆ గడ్డ మామూలు నీళ్లలో మునుగుతుంది. సీసా మూత తీసి ఉంచితే గాలిలోని తేమతో కలిసి శుద్ధత పడిపోతుంది.

అపోహ: ట్రిటియం ఉన్నదీ లేనిదీ రేడియోధార్మికతను పసిగట్టే గైగర్ కౌంటర్ చెబుతుంది.

వాస్తవం: అది వెదజల్లే బీటా కణాలకు (ఎలక్ట్రాన్లకు) గరిష్ఠ శక్తి 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే. చర్మం పైపొరను దాటవు, కౌంటర్ కిటికీనీ దాటవు. ఉపరితలాన్ని తుడిచిన కాగితాన్ని కణం తాకితే మెరిసే ద్రవంతో పనిచేసే లిక్విడ్ సింటిలేషన్ కౌంటర్‌లో చూడాలి. అసలు ప్రమాదం ట్రిటియం నీటి ఆవిరిని పీల్చినా, అది చర్మం గుండా ఇంకినా. అర్ధాయువు (సగం తరిగిపోయే కాలం) 12.3 ఏళ్లు కాబట్టి ట్రిటియం వెలుగు బోర్డులు ఆ గడువుకు కనీసం సగానికి మసకబారతాయి.

అపోహ: జింకు, ఆమ్లం కలిపితే పుట్టే 'నవజాత హైడ్రోజన్' విడి పరమాణువులే.

వాస్తవం: అలాగైతే ఏ లోహంతో చేసినా క్షయకరణంలో (ఇతర పదార్థాలకు ఎలక్ట్రాన్లు అందించడంలో) ఒకే ఫలితం రావాలి, రాదు. క్షయకరణం లోహపు ఉపరితలం మీద ఎలక్ట్రాన్లు చేతులు మారడంతో జరుగుతుంది. నిజమైన పరమాణు హైడ్రోజన్ కావాలంటే టంగ్‌స్టన్ ఆర్క్ గుండా వాయువును పంపాలి, మోల్‌కు 436 కిలోజౌళ్లు పెట్టుబడి. ఆ పరమాణువులు లోహం మీద తిరిగి జతకట్టేటప్పుడు అంత వేడీ అక్కడే దిగుతుంది. పరమాణు హైడ్రోజన్ వెల్డింగ్ నడిచేది దాంతోనే.