హనుమంతుడికి వైద్యం వచ్చా?

చిరంజీవులు చిన్నికి, బాబికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీరు అడిగినప్పుడు పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే పరుగెత్తాను. ఇప్పుడు జవాబు రాస్తున్నాను. హనుమంతుడికి వైద్యం రాదు. అయినా మందు కోసం అందరూ అతనివైపే చూశారు.

ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రానికి 67 కోట్ల వానరులు కూలిపోయారని వాల్మీకి లెక్క. రామలక్ష్మణులకూ స్పృహ లేదు. ఆ రాత్రి విభీషణుడు, హనుమంతుడు కాగడాలు పట్టుకుని ప్రాణమున్నవాళ్లను వెతుకుతుంటే ఒంటినిండా బాణాలతో జాంబవంతుడు కనిపించాడు. చూపు ఆనక, గొంతును బట్టి విభీషణుణ్ణి పోల్చుకుని, "హనుమంతుడు బతికే ఉన్నాడా?" అని అడిగాడు. రాముణ్ణి అడగడేమిటని విభీషణుడు విస్తుపోయాడు. "అతనుంటే చచ్చిన సేన కూడా బతికినట్టే" అన్నాడు ముసలాయన. పక్కనే ఉన్న హనుమంతుడు వంగి ఆయన కాళ్లకు మొక్కాడు. ఎన్నిసార్లు చదివినా నేను ఇక్కడ కాసేపు ఆగుతాను.

జాంబవంతుడు చెప్పిన మందులు నాలుగు: ప్రాణం పోసే మృతసంజీవని, గుచ్చుకున్న బాణాలను ఊడదీసే విశల్యకరణి, ఒంటికి రంగు తెచ్చే సువర్ణకరణి, తెగినవి అతికించే సంధానకరణి. అవి ఉన్న కొండకు హనుమంతుడు ఎగిరి వెళ్తే, అతణ్ణి చూడగానే దాక్కున్నాయట! అతనికి కోపం వచ్చి శిఖరాన్నే పెకలించాడు. వాసనకే సేనంతా లేచింది. మరి రాక్షసులో? చచ్చినవాళ్ల లెక్క బయటపడకుండా వాళ్లను ఎప్పటికప్పుడు సముద్రంలో పడేయించేవాడు రావణుడు. పని అయ్యాక హనుమంతుడు కొండను దాని చోట మళ్లీ పెట్టి వచ్చాడు. (బాబీ, నువ్వు తీసిన పుస్తకం ఇంకా మంచం కిందే ఉంది.)

రావణుడు విసిరిన శక్తి అనే ఆయుధం తగిలి లక్ష్మణుడు పడిపోయినప్పుడు హనుమంతుడు మందుకోసం మళ్లీ వెళ్లాడు. ఏది ఏ మొక్కో తేలలేదు. ఆలస్యమైతే ప్రాణం పోతుందని ఈసారీ శిఖరమే మోసుకొచ్చాడు. అందులోంచి ఏరి, నలిపి, ముక్కు దగ్గర పెట్టినవాడు సుషేణుడు. వైద్యుడంటే ఆయన.

గుర్తుపట్టడంలో మన హనుమంతుడు అంతకుముందే ఒకసారి పొరబడ్డాడు. లంకలో నిద్రపోతున్న మండోదరిని చూసి సీతమ్మే అనుకుని భుజాలు చరుచుకున్నాడు, తోకను ముద్దు పెట్టుకున్నాడు, పాడాడు, స్తంభాలెక్కి కిందికి దూకాడు. ఆ తరువాత గానీ, రాముడు లేని సీత ఇలా హాయిగా నిద్రపోతుందా అని తట్టలేదు!

సంక్రాంతికి వచ్చినప్పుడు ఈ ఘట్టం మీరిద్దరూ ఆడాలి. తోకకు పాత చీర తీసి పెట్టాను. దూకడం మాత్రం అరుగు మీద నుంచే.

ఇట్లు,
మీ అమ్మమ్మ