సముద్రం కనిపించే ఫ్లాట్ కొనే ముందు: వైజాగ్ అపోహలు, వాస్తవాలు

ఫ్లాట్ చూడటానికి వచ్చినవాళ్లు తలుపు తీయగానే నేరుగా బాల్కనీలోకి వెళ్లిపోతారు. నేను కింద పార్కింగ్‌లోనే ఆగిపోతాను. బీమ్‌ల అడుగుభాగం చూస్తాను, మెట్ల కిందికి దూరతాను, సంపు మూత తీయిస్తాను. "ఇంజినీరు గారూ, పైకి రండి, వ్యూ అదిరిపోయింది" అని పైనుంచి కేకేస్తారు. వ్యూ బాగుంటుందని నాకూ తెలుసు. ఇరవై రెండేళ్లుగా విశాఖపట్నం బీచ్ పక్క బిల్డింగులకు రిపేర్లు చేయడమే నా పని. పాండురంగాపురం, కిర్లంపూడి లేఅవుట్, లాసన్స్ బే కాలనీ, ఎంవీపీ, సాగర్‌నగర్, అలా భీమిలి దాకా.

ఇన్నేళ్లలో కొనేవాళ్ల నోటా అమ్మేవాళ్ల నోటా పదేపదే విన్న మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో సగం నిజం ఉంటుంది, అందుకే జనం నమ్ముతారు.

అపోహ: "హుద్‌హుద్‌కే చెక్కుచెదరలేదండీ, ఇంకేం పరీక్ష కావాలి?"

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వైజాగ్ దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. డాబాల మీది ప్లాస్టిక్ ట్యాంకులు ఎగిరి పక్కవీధిలో పడ్డాయి, అల్యూమినియం కిటికీలు చట్రాలతో సహా ఊడొచ్చాయి, ఎయిర్‌పోర్టు పైకప్పే దెబ్బతింది. రోజుల తరబడి కరెంటు లేదు. అయినా మామూలు నాలుగైదంతస్తుల ఆర్‌సీసీ బిల్డింగులు దాదాపుగా అన్నీ నిలబడ్డాయి. అందులో వింతేమీ లేదు. మన బిల్డింగ్ కోడ్‌లో వైజాగ్‌కు డిజైన్ చేయాల్సిన మూల గాలి వేగమే సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు.

తుఫాను పరీక్షించేది కిటికీలనీ ట్యాంకులనీ రేకుల షెడ్లనీ. స్లాబును తినేది ఏడాది పొడవునా వీచే ఉప్పు గాలి. హుద్‌హుద్‌లో ఒక్క పగులు కూడా పడని బిల్డింగులో, అది పోయిన ఆరేళ్లకు సన్‌షేడ్ ఊడి స్కూటర్ మీద పడితే నన్ను పిలిచారు. పొద్దున పాలవాడు వెళ్లిన పది నిమిషాలకు పడిందట.

అపోహ: "పెచ్చులే కదా, పుట్టీ పెట్టి పెయింట్ వేస్తే పోతుంది"

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నేను బతుకుతున్నదే దీని మీద.

మంచి కాంక్రీటుకు క్షారగుణం ఉంటుంది. దానివల్ల లోపలి ఇనుప చువ్వ మీద సన్నని పొర ఏర్పడి తుప్పు పట్టనీయదు. గాలిలో వచ్చే ఉప్పు కాంక్రీటులోకి మెల్లగా ఇంకి చువ్వ దాకా చేరితే ఆ పొర తెగిపోతుంది. తుప్పు మొదలవుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి అడుగున ఉన్న కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది. మీకు పెచ్చు కనిపించే సరికి లోపల పని ఎప్పుడో మొదలైపోయిందన్నమాట.

అడ్డుకునేది రెండే: కాంక్రీటు దట్టంగా ఉండటం, చువ్వకు బయటికి మధ్య ఉండే మందం, అంటే కవర్. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తీర వాతావరణానికి ఎదురుగా ఉండే కాంక్రీటు కనీసం ఎం30 గ్రేడ్ (అంకె పెరిగితే బలం ఎక్కువ) ఉండాలి, కవర్ 45 మిల్లీమీటర్లు ఉండాలి. అలల తుంపర తగిలే చోట ఎం35, 50 మిల్లీమీటర్లు. ఊరి లోపల సాధారణ వాతావరణంలో స్లాబుకు 20 చాలు. మరి పాత బీచ్ అపార్ట్‌మెంట్లలో కవర్ మీటర్ పెడితే నాకు తరచూ కనబడేది ఎంత? పదిహేను, ఇరవై. కవర్ బ్లాకుల బదులు కంకర రాయి ముక్కలు పెట్టి సెంట్రింగ్ మీద చువ్వలు పరిచిన రోజుల బిల్డింగులవి. మేస్త్రిని తిట్టి లాభం లేదు, అతనికి చెప్పినవాడు లేడు.

పుట్టీ పెడితే ఒక వర్షాకాలం అందంగా ఉంటుంది. సరైన రిపేరు అంటే డొల్ల కాంక్రీటంతా కొట్టేసి, చువ్వ వెనక వైపు కూడా వేలు దూరేంత ఖాళీ చేసి, తుప్పు పూర్తిగా రుద్ది, జింక్ ప్రైమర్ వేసి, పాలిమర్ మోర్టారుతోనో మైక్రో కాంక్రీటుతోనో నింపాలి. అప్పుడు కూడా ఒక చిక్కుంది. ఒక్క చోటే బాగుచేస్తే, ఉప్పు ఇంకిన పక్క భాగంలో తుప్పు ఇంకా జోరందుకోవచ్చు. "పోయినేడు చేయించాం, మళ్లీ పక్కనే ఊడింది, మీవాళ్లు సరిగ్గా చేయలేదు" అని అసోసియేషన్ ప్రెసిడెంట్లు కోప్పడేది అందుకే. మొత్తం స్లాబుకు టెస్టులు చేసి ఎంత మేర చేయాలో ముందే తేల్చుకోవాలి. ఖర్చు వింటే ఓనర్లు ఫ్యాన్ వైపు చూస్తారు.

కొనేవాళ్లు చేయగలిగిన పరీక్ష తేలిక. రూపాయి బిళ్లతో స్లాబు అడుగున, బీమ్ అంచుల్లో తట్టండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, డొల్ల దబ్‌మంటుంది. బీమ్ పొడుగునా చువ్వ దారిలోనే సన్నని పగులు ఉందంటే అనుమానించండి. సముద్రం వైపు సన్‌షేడ్‌లు, ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగు, బాత్‌రూమ్ కింది స్లాబు, మెట్ల అడుగు, ఇవి ముందు పోతాయి. పాత ఫ్లాటులో కొత్త ఫాల్స్ సీలింగ్ చూస్తే మాత్రం నాకు చెయ్యి ఆగదు. ఒకసారి రిటైరైన దంపతులు రీసేల్ ఫ్లాటుకు అడ్వాన్స్ ఇచ్చి నన్ను తీసుకెళ్లారు. హాలు సీలింగ్‌లో లైట్ కోసం కోసిన రంధ్రంలోంచి ఫోన్ టార్చ్ వేసి చూస్తే చువ్వలు బయటికి వేలాడుతున్నాయి. "అమ్మో, దీని కిందేనా మనవడిని పడుకోబెట్టేది!" అందావిడ. అడ్వాన్స్‌లో సగమే వెనక్కి వచ్చింది.

అపోహ: "మేం 53 గ్రేడ్ సిమెంటే వాడాం"

గ్రేడ్ బలానికి సంబంధించిన మాట, ఉప్పుకు సంబంధించింది కాదు. ఉప్పును ఆపడంలో స్లాగ్ సిమెంట్, అంటే ఇనుము కరిగించగా మిగిలే మడ్డి కలిపిన సిమెంట్ మేలు. ఉక్కు కర్మాగారం ఉన్న ఊళ్లో స్లాగ్‌ను చిన్నచూపు చూడటం నాకెప్పటికీ అర్థం కాదు. కాకపోతే అది మెల్లగా బలం పుంజుకుంటుంది, క్యూరింగ్ ఎక్కువ రోజులు చేయాలి.

కొత్త బిల్డింగయితే బిల్డర్‌ను సిమెంటు కంటే ముందు నీళ్ల గురించి అడగండి. ఆర్‌సీసీకి వాడే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. బీచ్ పక్క సైట్‌లో బోరు వేసి ఆ నీళ్లతోనే కాంక్రీటు కలిపితే, ఉప్పు బయటి నుంచి రావక్కర్లేదు, పుట్టుకతోనే లోపల ఉంటుంది. నీళ్ల టెస్ట్ రిపోర్ట్ ఉందా అంటే నవ్వే బిల్డర్ దగ్గర కొనకండి.

అపోహ: "బోరు నీళ్లు తియ్యగా ఉన్నాయి, నీళ్ల టెన్షన్ లేదు"

తీరం దగ్గర భూమిలో మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి. లెక్క ప్రకారం మంచినీటి మట్టం సముద్రం కంటే ఒక మీటరు ఎత్తుంటే, కింద దాదాపు 40 మీటర్ల దాకా మంచినీళ్లు ఉంటాయి. ఆ మట్టం ఒక్క మీటరు దిగితే ఉప్పునీళ్లు అంత ఎత్తూ పైకి వస్తాయి. చుట్టుపక్కల ఇరవై అపార్ట్‌మెంట్లు వేసవిలో మోటార్లు ఆపకుండా తోడితే జరిగేది ఇదే. జనవరిలో రుచి చూసి నిర్ణయించకండి. మేలో వెళ్లి వాచ్‌మన్‌నూ అతని భార్యనూ అడగండి, సబ్బు నురగ వస్తోందా, పప్పు ఉడుకుతోందా, నెలకు ట్యాంకర్లెన్ని అని. వాళ్లు చెప్పినంత నిజం సెక్రటరీ చెప్పడు. నగర కార్పొరేషన్ (జీవీఎంసీ) కుళాయి కనెక్షన్ ఉందో లేదో కూడా చూసుకోండి.

అపోహ: "సీఆర్‌జెడ్ అంతా రోడ్డు అవతల వరకే"

సీఆర్‌జెడ్ అంటే తీరప్రాంత నియంత్రణ మండలం, సముద్రం పక్క కట్టడాలకు ఆంక్షలుండే ప్రాంతం. ఈ విషయంలో రెండు రకాల తప్పు మాటలు వింటాను. ఒకటి ఇది. రెండోది, 500 మీటర్ల లోపల ఏమీ కట్టకూడదనేది. రెండూ కాదు.

ఈ మండలం సముద్రపు హై టైడ్ లైన్ నుంచి నేలవైపు 500 మీటర్ల దాకా ఉంటుంది. మీరు ఆదివారం సాయంత్రం చూసిన నీటి అంచు నుంచి కాదు, పెద్ద పోటుకు నీరు ఎక్కే గీత నుంచి కొలుస్తారు. నగరంలో ఇప్పటికే కట్టడాలతో నిండిన భాగం సీఆర్‌జెడ్-2లోకి వస్తుంది. అక్కడ ఉన్న రోడ్డుకు, లేదా అనుమతి ఉన్న పాత కట్టడాల వరుసకు నేలవైపు షరతులతో కట్టుకోవచ్చు. ఊళ్ల వైపు, అంటే సీఆర్‌జెడ్-3లో, 2011 నోటిఫికేషన్ ప్రకారం మొదటి 200 మీటర్లు కట్టడాలు నిషేధం. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన చోట దాన్ని 50 మీటర్లకు తగ్గించింది, మిగతా చోట్ల 200 అలాగే ఉంది. మీ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో ఆమోదం పొందిన తీర నిర్వహణ ప్రణాళిక మ్యాపులో చూసుకోవాలి. బ్రోకర్ ఫోన్‌లోని గూగుల్ మ్యాప్‌లో కాదు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. సముద్రమే కాదు, పోటు నీరు ఎక్కే గెడ్డల గట్లకూ ఈ నియమాలు వర్తిస్తాయి. కొచ్చి పక్కన మరడులో 2020 జనవరి 11, 12 తేదీల్లో పేల్చేసిన నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలు బీచ్‌లో లేవు, కాయల్ (సముద్రంతో కలిసే ఉప్పునీటి సరస్సు) ఒడ్డున ఉన్నాయి. పంచాయతీ పర్మిషన్ ఉంది, బ్యాంకు లోన్లు ఉన్నాయి, రిజిస్ట్రేషన్లు అయ్యాయి, జనం కాపురాలుంటున్నారు. తీర నిర్వహణ అథారిటీ అనుమతి మాత్రం లేదు. 2019 మేలో సుప్రీంకోర్టు కూల్చమంది. ఒక్కో ఫ్లాటుకు తాత్కాలిక పరిహారం 25 లక్షలు ఇవ్వమంది. బ్యాంకు లోన్ ఇచ్చిందంటే డాక్యుమెంట్లు క్లియర్ అనే మాటకు నేను చెప్పే జవాబు కూడా మరడే.

అపోహ: "రెరా నంబరుంది, ఈసీ క్లీన్‌గా ఉంది, ఇంకేం చూడాలి?"

స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. బీచ్ దగ్గరి చిన్న గ్రూప్ హౌసుల్లో చాలా వరకు ఈ కోవవే. నిర్మాణ లోపాలకు బిల్డర్ బాధ్యత చట్టంలో ఐదేళ్లు. ఉప్పు తుప్పు పైకి కనిపించేది సాధారణంగా ఆ ఐదేళ్లు దాటాకే. కాబట్టి నాలుగో ఏడాది చివర్లో అసోసియేషన్ తరఫున ఒక కవర్ టెస్ట్, క్లోరైడ్ టెస్ట్ చేయించి రాతపూర్వకంగా నోటీసిచ్చుకోవడం తెలివైన పని. నాకు తెలిసి ఇప్పటిదాకా ఇద్దరే చేశారు.

ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. భూమి 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందా, ఒకప్పుడు ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమా అనేవి విడిగా చూడాలి. భీమిలి వైపు ప్లాట్లు కొనేవాళ్లు దీనికి లాయర్ ఫీజు మిగిల్చుకోవద్దు. పాత ఫ్లాటయితే దస్తావేజులో మీ వాటా భూమి ఎన్ని గజాలో చదవండి. ముప్పై ఏళ్ల తర్వాత మిగిలేది ఆ గజాలే. సీఆర్‌జెడ్‌లో ఉంటే పడగొట్టి ఇంతే ఎత్తో, ఇంతకంటే ఎక్కువ ఎత్తో కట్టనిస్తారని ముందే లెక్కలు వేసుకోవద్దు.

అపోహ: "బీచ్ ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది"

మన తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తమ్మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1970ల్లో ఔటర్ హార్బర్ కోసం కట్టిన అడ్డుగోడల దగ్గర అది ఆగిపోతుంది. అందుకే పోర్టు తవ్విన ఇసుకను మళ్లీ ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు. అయినా కొన్నేళ్లలో కోత పడి బీచ్ రోడ్డు అంచు గోడలే కూలాయి. అది చూశాక కూడా "మొదటి వరుసే కావాలి" అనేవాళ్లకు నా సలహా ఒకటే: రెండో వరుసలో కొని, మిగిలిన డబ్బుతో రోజూ బీచ్‌కు నడవండి. ఏసీ ఔట్‌డోర్ యూనిట్లు, గ్రిల్స్, గీజర్లు, ఫ్రిజ్ వెనక భాగం కూడా ఎక్కువ కాలం వస్తాయి. రైలింగ్‌కు స్టెయిన్‌లెస్ స్టీల్ వేయించేటప్పుడు 304 రకం కాదు, ఉప్పు గాలికి ఎక్కువ తట్టుకునే 316 రకం అడగండి.

అపోహ: "ఈ వ్యూ ఎక్కడికీ పోదు"

వ్యూకు మన చట్టంలో హక్కు లేదు. ఎదురుగా ఖాళీ స్థలం ఉంటే అది ఎవరిదో, ఏ జోన్‌లో ఉందో, ఎన్ని అంతస్తులకు పర్మిషన్ రావచ్చో కనుక్కోండి. సాగర్‌నగర్‌లో ఒకాయన వ్యూ కోసం చదరపు అడుగుకు అదనంగా కట్టి కొన్నాడు. మూడేళ్లకు ఎదురింటి లిఫ్ట్ గది లేచింది. ఇప్పుడాయనకు కనిపించేది దాని మీది నీళ్ల ట్యాంకు, ఎడమ పక్కనుంచి రెండు వేళ్ల వెడల్పు సముద్రం.