కాలువ వంతెన మీద ఇరవై అయిదు నిమిషాలు

చిరంజీవులు అమ్ములుకీ, చంటికీ తాతయ్య దీవెనలు.

మొన్న సెలవులకి వచ్చినప్పుడు ఏలూరు కాలువ వంతెన దగ్గర ఆటోలో ఇరవై అయిదు నిమిషాలు ఇరుక్కుపోయాం, గుర్తుందా? చంటి హారన్లు లెక్కపెడుతూ రెండొందలు దాటాక విసుగొచ్చి మానేశాడు. అమ్ములు మాత్రం ఒక ప్రశ్న వేసింది: "తాతయ్యా, దీన్ని ఎవరు బాగుచేయాలి?" ఆటో అబ్బాయి వెనక్కి తిరిగి "దేవుడే చేయాలి పాపా" అన్నాడు. అందరం నవ్వాం గానీ, ముప్ఫై ఏళ్లకి పైగా మున్సిపాలిటీల్లో ఇంజినీరింగ్ సెక్షన్‌లో పనిచేసినవాణ్ణి కదా, నాకు కాస్త గుచ్చుకుంది. ఫోన్లో చెబుదామంటే మీ అమ్మ మధ్యలో లాక్కుంటుంది. అందుకే రాస్తున్నాను.

ముందు మన బెజవాడ సంగతి తెలియాలి. ఒక పక్క ఇంద్రకీలాద్రి, ఇంకో పక్క కృష్ణ. ఊరి మధ్యలోంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. అవి చాలనట్టు రైలు పట్టాలు. ఈ పేట నుంచి ఆ పేటకి వెళ్లాలంటే ఎక్కడో ఒకచోట వంతెన ఎక్కాలి, లేదా పట్టాల కింద దూరాలి. అమ్మమ్మ గరాటుతో నూనె పోయడం చూశారుగా. పైన గరాటు ఎంత వెడల్పున్నా నూనె దిగేది కింది కన్నం ఎంతుంటే అంతే. రోడ్డుని వంద అడుగులు చేసినా వంతెన నలభై అడుగులే అయితే జరిగేదీ అదే.

ఇంకో విషయం, రోడ్ల పేర్లు చూడండి. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు. ఇవి ఊళ్లో తిరగడానికి వేసినవి కావు, ఊరు దాటి వెళ్లడానికి వేసినవి. కొట్లు, సినిమా హాళ్లు, ఆస్పత్రులు వాటి పక్కనే వచ్చి కూచున్నాయి. 1888లో మున్సిపాలిటీ అయిన చిన్న ఊరు 1981లో కార్పొరేషన్ అయింది. 2011 లెక్కల నాటికి సుమారు 62 చదరపు కిలోమీటర్లలో 10 లక్షల మందికి పైగా ఉన్నారు. ఈ జనం చాలరన్నట్టు చెన్నై–కోల్‌కతా హైవే, హైదరాబాద్–మచిలీపట్నం హైవే రెండూ బెంజి సర్కిల్ దగ్గరే కలుస్తాయి.

ఇక అమ్ములు ప్రశ్న. ఎవరు బాగుచేయాలి?

ఊరికి 64 డివిజన్లు. ఒక్కో డివిజన్ ప్రజలు ఓటేసి ఒక్కో కార్పొరేటర్ని ఎన్నుకుంటారు. వాళ్లంతా కూర్చుంటే కౌన్సిల్. పెద్ద మేయర్. తీర్మానం చేసేది వీళ్లు, దాన్ని అమలు చేసేది ప్రభుత్వం పంపిన కమిషనర్. ఈ ఏర్పాటంతా 1955లో హైదరాబాదు కోసం చేసిన చట్టంలోంచి వచ్చింది. మన కార్పొరేషన్‌కీ దాన్నే వర్తింపజేశారు.

వినడానికి బాగానే ఉంది కదా. కానీ మనం ఇరుక్కున్న ఆ ఒక్క వంతెన దగ్గరే ఎంతమంది ఉన్నారో చూడండి. రోడ్డు, ఫుట్‌పాత్ కార్పొరేషన్‌వి. కాలువ జలవనరుల శాఖది. చలానా రాసేది ట్రాఫిక్ పోలీసులు. బస్సు ఆర్టీసీది. కరెంటు స్తంభం విద్యుత్ సంస్థది. ఆటోలకి పర్మిట్ ఇచ్చేది రవాణా శాఖ. అదే హైవే అయితే అసలు కౌన్సిల్ మాటే చెల్లదు, అది ఢిల్లీ లెక్క. ఎక్కడ బండ్లు ఆపొచ్చో నిర్ణయించే అధికారం కూడా మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వానిదీ, అది అధికారం ఇచ్చిన వాళ్లదీ. స్థానిక సంస్థని సంప్రదించాలని మాత్రం అందులో రాసి ఉంది. అందుకే ట్రాఫిక్ ఫైలు మొదలయ్యేది "జాయింట్ ఇన్‌స్పెక్షన్"తో. అంటే వీళ్లందరూ ఒకే రోజు, ఒకే చోట, ఒకే ఎండలో నిలబడాలి. నా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని అదేనని ఇప్పటికీ అంటాను. ఒకరొస్తే ఇంకొకరు మీటింగులో ఉంటారు.

జనం ఫిర్యాదు చేస్తారు, కార్పొరేటర్ కౌన్సిల్లో ప్రశ్న వేస్తాడు, అక్కడో కేకలు ఇక్కడో కేకలు, పేపర్లో ఫొటో. అసలు పని మొదలయ్యేది ఆ తర్వాత, లెక్కపెట్టడంతో. చంటీ, నువ్వు హారన్లు లెక్కపెట్టావే, మేము బళ్లు లెక్కపెట్టేవాళ్లం. సెంటర్లో చింతచెట్టు కింద కుర్చీలు వేసుకుని, అట్టకి కాగితం తగిలించుకుని, పదిహేను నిమిషాలకి ఒక గడి. నాలుగు నిలువు గీతలు, అయిదో బండికి అడ్డగీత. బస్సుకో వరస, లారీకో వరస, కారు, ఆటో, స్కూటర్, సైకిల్, తోపుడు బండి. పొద్దున్నుంచి రాత్రి దాకా. ఇప్పుడు కెమెరాలు లెక్కపెడుతున్నాయి. కానీ చెట్టు కింద కూర్చున్నవాడికి కనిపించేవి కొన్ని కెమెరాకి కనిపించవు. స్కూలు వదిలేటప్పుడు ఒక ఆటో ఎందుకు ఆగింది, ఎవరి కోసం ఆగింది లాంటివి.

అన్ని బళ్లూ ఒక్కటి కావు కదా. దానికో పద్ధతి ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అని 1934లో పుట్టిన సంస్థ ఒకటుంది, రోడ్ల కొలతలన్నీ అది చెప్పినవే. కారుని 1 అనుకుని, మిగతా బళ్లు రోడ్డు మీద ఎంత చోటు తింటాయో అది ఒక పట్టిక ఇచ్చింది. మన ఊరిలాగా రకరకాల బళ్లు ఎక్కువగా తిరిగే చోట స్కూటర్ 0.75, ఆటో 2, బస్సు 3.7, సైకిల్ 0.5, తోపుడు బండి 3. చూశారా, పాపం తోపుడు బండి మూడు కార్లంత.

ఈ పట్టికే మా చేత ఒక తప్పు చేయించింది. ఏ ఊరో చెప్పను. అక్కడి మెయిన్ సెంటర్లో లెక్క తీస్తే బస్సులే ఎక్కువ చోటు తింటున్నట్టు వచ్చింది. బస్టాపుని అర కిలోమీటరు అవతలికి జరపాలని నోట్ పెట్టాం. రాసింది నేనే. జరిపారు. నెల తిరక్కుండా సెంటర్ ముందుకంటే అధ్వాన్నం అయింది. బస్సు దిగినవాళ్లు సంచులు మోసుకుంటూ అర కిలోమీటరు నడుస్తారా? ఆటో ఎక్కారు. కొందరు బస్సు మానేసి స్కూటర్ కొనుక్కున్నారు. బస్సు 3.7 అని రాసుకున్నాం గానీ, అందులో యాభై మంది ఉన్నారని ఆ కాగితంలో వరస లేదు. బళ్లని కాకుండా మనుషుల్ని లెక్కపెట్టి ఉంటే ఆ నోట్ రాసేవాణ్ణే కాదు.

ఇప్పుడు చిన్న లెక్క. అమ్ములూ, పెన్సిల్ తీసుకో. సిగ్నల్ దగ్గర పచ్చ లైటు గంటసేపు ఆరకుండా వెలిగితే, రోడ్డు వెడల్పులో ప్రతి మీటరుకీ సుమారు 525 కార్లంత ట్రాఫిక్ దాటుతుందని మేం వాడే సూత్రం. మన వైపు రోడ్డు 8 మీటర్లుంటే 4,200. కానీ మనకి పచ్చ లైటు మూడో వంతు సేపే, మిగతాది వేరే రోడ్లకి. కాబట్టి గంటకి 1,400. బాగుంది. ఇంతలో ఒకాయన సిగ్నల్ పక్కనే కారు ఆపి, "ఒక్క నిమిషం" అని బేకరీలోకి వెళ్లాడు. కారు 2 మీటర్లు ఆక్రమించింది. మిగిలింది 6 మీటర్లు. 6 ఇంటూ 525 అంటే 3,150, అందులో మూడో వంతు 1,050. అలా వరసగా ఒకరి తర్వాత ఒకరు ఆపుతూ పోతే, గంటకి 350 కార్లంత దారి బేకరీ పాలైంది. ఆ 2 మీటర్లని రోడ్డు వెడల్పు చేసి సంపాదించాలంటే ఎన్ని ఇళ్ల గోడలు పడగొట్టాలో ఆలోచించండి.

వెడల్పు చేయడం అంటే ఏమిటో కూడా చెబుతాను. మాస్టర్ ప్లాన్‌లో ఈ రోడ్డు ఇన్ని అడుగులుండాలని ముందే గీసి ఉంటుంది. టౌన్ ప్లానింగ్ వాళ్లు వచ్చి గోడల మీద ఎర్ర రంగుతో గుర్తు పెడతారు. ఆ గుర్తు పడ్డ ఇంట్లో ఆ రాత్రి అన్నం సహించదు. డబ్బు పరిహారం ఇవ్వొచ్చు, లేదా టీడీఆర్ బాండ్ ఇవ్వొచ్చు. అంటే నువ్విచ్చిన స్థలానికి బదులు ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు, కావాలంటే అమ్ముకోవచ్చు. పెద్ద బిల్డర్‌కి అది పనికొస్తుంది. పది గజాల కిళ్లీకొట్టు పోయినవాడికి ఆ కాగితం ఏం అర్థమవుతుంది? కోర్టుకి వెళ్తాడు, స్టే వస్తుంది, రోడ్డు ఇక్కడ వెడల్పు, అక్కడ ఇరుకు. మళ్లీ గరాటే. వంతెన వెడల్పు చేయాలన్నా తొందరగా అయ్యే పని కాదు. కాలువలో నీళ్లు పారుతుంటే పునాది వేయలేం. ఎండాకాలం కాలువకి నీళ్లు కట్టేసిన ఆ కొద్ది వారాల్లో పని జరగాలి. ఆలోగా టెండరు ఖరారు కాకపోతే ఇంకో ఏడాది.

ఫ్లైఓవర్ల గురించి అడుగుతారని తెలుసు. కనకదుర్గ ఫ్లైఓవర్ 2.6 కిలోమీటర్లు, 2020 అక్టోబర్ 16న తెరిచారు. బెంజి సర్కిల్ రెండో ఫ్లైఓవర్ 2022 ఫిబ్రవరిలో వచ్చింది. అవి హైవే డబ్బులతో కట్టినవి. కొండకీ కృష్ణకీ మధ్య ఆ ఇరుకులో గంటలు గంటలు నిలబడిన నాకు వాటి విలువ తెలుసు. ఊళ్లో పనిలేని లారీలు పైనుంచి పోతున్నాయి. ఊళ్లో పని ఉన్న మనం మాత్రం కిందే ఉన్నాం. హైదరాబాదులో అయితే కార్పొరేషనే ఎస్‌ఆర్‌డీపీ అనే రోడ్ల అభివృద్ధి పథకం పేరుతో ఫ్లైఓవర్లు కట్టింది. మీ బాబాయ్ రోజూ ఎక్కే షేక్‌పేట ఫ్లైఓవర్ అందులోదే. అది దిగాక ఎంతసేపు ఆగాలో బాబాయ్‌నే అడగండి.

మన బీఆర్‌టీఎస్ రోడ్డు పేరు ఎందుకు అలా ఉందని చంటి అడిగాడు. బీఆర్‌టీఎస్ అంటే బస్ రాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్. బస్సుల కోసం మధ్యలో ప్రత్యేక దారి, పక్కన మిగతా బళ్లు అని కేంద్రం నిధులతో వేసిన రోడ్డు అది. ఆలోచన మంచిదే. కానీ జనం వెళ్లే దారి ఒకటి, ఆ దారి ఒకటి అయింది. ఇప్పుడు రోడ్డుకి పేరు మిగిలింది.

అందుకే కౌన్సిల్ చేతిలో నిజంగా ఉన్నవి చిన్న పనులేనని నా నమ్మకం. సిగ్నల్ దగ్గర పార్కింగ్ లేకుండా చూడటం, ఆటోలకి ఒక చోటు చూపించడం, స్తంభం జరిపించడం, మనుషులు నడవడానికి ఫుట్‌పాత్ వేయడం. ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్లుండాలి. అది లేనిచోట నడిచేవాళ్లు రోడ్డు మీదికి దిగుతారు, అప్పుడు రోడ్డు అంతమేరా తగ్గినట్టే. వీటికి శంకుస్థాపన శిలాఫలకం ఉండదు కాబట్టి ఎవరికీ పెద్ద ఉత్సాహం ఉండదు. ఈ మాట నేను ఉద్యోగంలో ఉండగా అనలేదులే.

ఇక రోడ్డు పక్కన తోపుడు బండ్ల మీద అమ్ముకునేవాళ్లు. కౌన్సిల్లో ట్రాఫిక్ మాటెత్తగానే మొదట వాళ్ల మీదే పడతారు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చాక ఇష్టమొచ్చినట్టు లేపేయడానికి లేదు. సర్వే చేయాలి, గుర్తింపు ఇవ్వాలి, ఎక్కడ పెట్టుకోవచ్చో ఎక్కడ పెట్టుకోకూడదో టౌన్ వెండింగ్ కమిటీలో తేల్చాలి. ఆ కమిటీలో నూటికి 40 మందికి తక్కువ కాకుండా వ్యాపారులే ఉండాలి. కొనేవాడు లేనిదే బండి అక్కడ నిలబడదు కదా మరి.

ఆ రోజు వంతెన దాటాక ఆటో దిగి మిరపకాయ బజ్జీలు తిన్నాం. ఆ బండి మలుపులోనే ఉంది. దాని ముందు మూడు స్కూటర్లు, మన ఆటో. నేను లెక్కపెట్టాను, మన వెనక పదకొండు బళ్లు ఆగాయి. మీకు చెప్పలేదు, బజ్జీలు చల్లారిపోతాయని.

మొన్న మా కార్పొరేటర్ కనిపిస్తే ఆ బండిని మలుపు నుంచి ఓ ముప్ఫై అడుగులు కాలువ గట్టు వైపు జరిపితే చాలని చెప్పాను. కాగితం మీద రాసివ్వమన్నాడు. పాత అలవాటు కొద్దీ స్కెచ్ కూడా గీసి ఇచ్చాను. బజ్జీల అతనికి ఈ సంగతి తెలిసి, ఇప్పుడు నాకు రెండు బజ్జీలు తక్కువ వేస్తున్నాడు.

దసరాకి వస్తారుగా. భవానీల రద్దీకి ఎటూ దారులు మళ్లిస్తారు, రైలు దిగి నడుచుకుంటూ రండి. నేను స్టేషన్ బయట ఉంటాను.

మీ
తాతయ్య