"ఇక సీట్లన్నీ మనవాళ్లకేగా సార్?"

డాలస్ చుట్టుపక్కల మన పిల్లల కాలేజీ అప్లికేషన్లు చూసిపెట్టడం నా పని. కాలేజీ సీట్లిచ్చేటప్పుడు విద్యార్థి జాతిని చూడకూడదని 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన వారమంతా ఫోను మోగుతూనే ఉంది. అందరిదీ పైన రాసిన ప్రశ్నే.

అపోహ: ఇక్కడా మన దగ్గరలా రిజర్వేషన్ సీట్లుండేవి, ఇప్పుడు ఎత్తేశారు.

వాస్తవం: సీట్లు విడిగా పెట్టడం 1978లోనే పోయింది. కాలిఫోర్నియాలోని డేవిస్ మెడికల్ స్కూల్ 100 సీట్లలో 16 మైనారిటీలకు పక్కన పెడితే, బకీ అనే తెల్లజాతి విద్యార్థి వేసిన కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మిషిగన్ యూనివర్సిటీ 150 పాయింట్ల లెక్కలో నల్లజాతి, హిస్పానిక్ పిల్లలకు 20 కలిపేది. 2003లో అదీ కొట్టేశారు. ఫైలు మొత్తం చదివేటప్పుడు జాతినీ ఒక అంశంగా చూడటం ఒక్కటే మిగిలింది. 2023లో పోయింది అదే. ఎంసెట్ కౌన్సెలింగ్ లెక్కలో చూస్తే ఇది బుర్రకెక్కదు.

అపోహ: కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీ బర్కిలీలో ఇక తేలిక.

వాస్తవం: అక్కడ ప్రభుత్వ కాలేజీలు జాతిని చూడటం కాలిఫోర్నియా ఓటర్లు 1996లోనే ఆపేశారు. 1998లో బర్కిలీలో సీటొచ్చిన నల్లజాతి, హిస్పానిక్ పిల్లల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. కొత్తగా తేలికయ్యేదేం లేదు.

అపోహ: నల్లజాతి, హిస్పానిక్ పిల్లలకు తగ్గిన సీట్లన్నీ మనకొస్తాయి.

వాస్తవం: కేసులో ఓడిన నార్త్ కరోలినా యూనివర్సిటీనే చూడండి. 2024 బ్యాచ్‌లో నల్లజాతి వాటా 10.5 నుంచి 7.8 శాతానికి జారింది. ఆసియన్లది 24.8 నుంచి 25.8 అయింది. ఆ ఒక్క శాతంలో చైనా, కొరియా, వియత్నాం మూలాలవాళ్లూ ఉన్నారు. పైగా ఆ ఏడు అక్కడ బయటి రాష్ట్రాలవాళ్ల సీట్లకు పరిమితి 18 శాతమే. డాలస్‌లో ఉన్న మనకు అడ్డు ఆ గీతే, జాతి కాదు.

మా టెక్సస్‌ది వేరే కథ. 1996లో ఇక్కడి అప్పీళ్ల కోర్టు జాతిని చూడొద్దంది. మరుసటి ఏడే శాసనసభ కొత్త చట్టం తెచ్చింది: ఏ హైస్కూల్లోనైనా పై 10 శాతంలో ఉంటే ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు ఖాయం. యూటీ ఆస్టిన్‌కు (ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ) 2026 నుంచి అది 5 శాతమే. మనవాళ్లేమో స్కూలు రేటింగు చూసి డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఇల్లు కొంటారు. క్లాసులో సగం మంది మన పిల్లలే, అందరివీ ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లో కాలేజీ స్థాయి) కోర్సులే, ర్యాంకు పోటీ వాళ్లలో వాళ్లకే. మొన్నొక అమ్మాయి మార్కుల కాగితం తెచ్చింది. అన్నీ ఏలే, ర్యాంకు మాత్రం 11వ శాతంలో. "అప్లికేషన్‌లో జాతి అడిగే చోట ఆసియన్ బాక్సు ఖాళీగా వదిలేద్దామా?" అన్నాడు వాళ్ల నాన్న. ర్యాంకు గడి మీద వేలు పెట్టి చూపించాను.