మూడు మిల్లీమీటర్ల దారి

మా నాన్న పర్సులో ఆధార్ కార్డు వెనకాల ఇంకో కార్డు ఉంటుంది. గుండెకి స్టెంట్ వేసి డిశ్చార్జి చేసినప్పుడు ఆస్పత్రివాళ్లు ఇచ్చారు. దాని మీద ఒక స్టిక్కరు, స్టిక్కరు మీద బార్‌కోడ్, పక్కన "3.0 × 18" అని అంకెలు. ఇంటికొచ్చిన కొత్తలో పలకరించడానికి ఎవరొచ్చినా ఆ కార్డు తీసి చూపించేవారు. వచ్చినవాళ్లు చూసి, "ఎన్ని వాల్వులు మూసుకుపోయాయంట?" అని అడిగేవాళ్లు.

మనవైపు అందరూ అనే మాటే అది. అయితే నాన్నకి మూసుకుపోయింది గుండె కండరానికి రక్తం అందించే నాళం. వాల్వంటే గుండె గదుల దగ్గర తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే తలుపు. నాళం దారి లాంటిది. తలుపు పాడైతే ఒక వైద్యం, దారి పూడిపోతే ఇంకో వైద్యం. పూడిన దారిని తెరిచి, మళ్లీ మూసుకుపోకుండా లోపల నిలబెట్టే చిన్న లోహపు జాలీ గొట్టమే స్టెంట్. కార్డు మీది 3.0 ఆ దారి వెడల్పు, 3 మిల్లీమీటర్లు. 18 స్టెంట్ పొడవు, అదీ మిల్లీమీటర్లలోనే.

3 మిల్లీమీటర్లంటే ఇంచుమించు పెసరగింజ లావు. ఆ స్టెంట్ మణికట్టు దగ్గర లోపలికి వెళ్లేటప్పుడు ఆవగింజ లావునే ఉంటుంది. చేతి నాళంలో పైకెక్కి, భుజం దాటి, గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళమైన బృహద్ధమనిలోకి దిగి, అక్కడి నుంచి మెలికలు తిరిగిన గుండె నాళంలో దూరి, సరిగ్గా ఇరుకైన చోట ఆగి పెసరగింజ లావుకి విచ్చుకోవాలి. విచ్చుకున్నాక మళ్లీ ముడుచుకోకూడదు. ఛాతీ కోయకుండా గుండెకి వైద్యం చేసే పరికరాలు కనిపెట్టినవాళ్లు ఏళ్ల తరబడి కుస్తీ పట్టింది ఈ ఒక్క చిక్కుతోనే. దారిలో ఉన్నంతసేపు సన్నగా, మెత్తగా ఉండాలి. చేరాక లావుగా, గట్టిగా నిలబడాలి. ఒకే వస్తువు ఈ రెండు పనులూ చేయాలి.

అసలు గుండె దాకా గొట్టం పంపొచ్చని ఒకడు తన ఒంటి మీదే చేసి చూపించాడు. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డె అనే చిన్న ఊళ్లో, వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ల కుర్ర డాక్టరు. పైఅధికారి వద్దన్నాడు. పరికరాల తాళాలు గెర్డా డిట్జెన్ అనే నర్సు దగ్గర ఉండేవి. ప్రయోగం తన మీదే చెయ్యమని ఆమె ధైర్యంగా ముందుకొచ్చింది. ఫోర్స్‌మన్ ఆమెని బల్లకి కట్టి, ఆమె చూడకుండా తన చేతి నరంలోకే గొట్టం దించుకున్నాడు. మూత్రనాళాల కోసం తయారైన 65 సెంటీమీటర్ల గొట్టం అది. ఆ గొట్టం అలాగే చేతిలో ఉండగా మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి ఫొటో తీయించుకున్నాడు. గొట్టం కొస గుండె కుడి గదిలో కనిపించింది. 1956లో ఇంకో ఇద్దరితో కలిపి ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి ఆయన గుండె వైద్యం వదిలేసి మూత్రకోశ వైద్యుడిగా పనిచేస్తున్నాడు. ఈ కథ చదివినప్పుడల్లా నాకు ఆ నర్సే ఎక్కువ గుర్తుంటుంది. తన ఒంటి మీదే చేస్తారనుకుని బల్ల మీద పడుకుంది మరి.

ఆ తర్వాత చాలా ఏళ్లు గొట్టం లోపలికి వెళ్లేది చూడటానికే. ఒత్తిడి కొలవడం, రంగు ద్రవం పంపి నాళాల ఫొటో తీయడం, అంతవరకే. దానితో పని కూడా చేయించొచ్చని చూపించినది అమెరికాలో పోర్ట్‌లాండ్‌కి చెందిన చార్లెస్ డాటర్. 1964 జనవరిలో 82 ఏళ్ల పెద్దావిడ ఒకామెకి కాలి నాళం ఇరుకైపోయి పాదం కుళ్లడం మొదలైంది. కాలు తీసేయాలన్నారు, ఆవిడ ససేమిరా అంది. డాటర్ ఇరుకులోంచి సన్నని తీగ పంపి, దాని మీదుగా ఒక గొట్టం, దాని మీద ఇంకొంచెం లావు గొట్టం తోసి దారి వెడల్పు చేశాడు. ఆవిడ కాలు నిలిచింది, చనిపోయేదాకా తన కాళ్ల మీదే నడిచింది.

కానీ ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. ఇరుకుని ఎంత వెడల్పు చేయాలో అంత లావు గొట్టాన్ని మొదటి నుంచీ నెట్టుకుంటూ వెళ్లాలి. కాలి నాళం తిన్నగా ఉంటుంది కాబట్టి సరిపోయింది. గుండె నాళంలో అది కుదరదు.

ఇక్కడే ఆండ్రియాస్ గ్రుంట్‌సిగ్ వస్తాడు. డాటర్ పని గురించి విని, స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో డాక్టరుగా ఉంటూ, సాయంత్రాలు ఇంట్లో వంటగది బల్ల మీద బెలూన్లు చేయడం మొదలుపెట్టాడు. భార్య, తన దగ్గర పనిచేసే సహాయకురాలు, ఆవిడ భర్త, అందరూ ఆ బల్ల చుట్టూనే. కత్తెర, జిగురు, దారం, సన్నని ప్లాస్టిక్ గొట్టాలు.

బెలూన్ అనగానే అదేం పెద్ద పని అనిపిస్తుంది. సైకిల్ టైరు చిరిగితే ఏమవుతుందో చూసినవాళ్లకి అర్థమవుతుంది. గాలి కొట్టే కొద్దీ ట్యూబు చిరుగు ఉన్న చోటే బయటికి ఉబ్బుతుంది, ఎందుకంటే రబ్బరు ఎప్పుడూ మెత్తని వైపే పోతుంది. రబ్బరు బెలూన్‌ని ఇరుకైన నాళంలో పెట్టి ఊదినా అంతే. గట్టిగా గారకట్టిన ఇరుకుని వదిలేసి, దానికి అటూ ఇటూ ఉన్న మంచి నాళంలో ఉబ్బుతుంది. ఇంకా ఊదితే ఆ మంచి నాళమే చిరుగుతుంది. గ్రుంట్‌సిగ్‌కి కావలసింది ట్యూబు లాంటిది కాదు, టైరు లాంటిది. ఇంత లావు అని ముందే కొలత పెడితే ఆ కొలత దాకా ఉబ్బి, ఎంత ఒత్తిడి పెంచినా అంతకు మించి ఒక్క వెంట్రుకవాసి కూడా పెరగనిది. రిటైరైన ఒక రసాయన శాస్త్ర ప్రొఫెసర్ ఆయనకి పీవీసీ గురించి చెప్పాడు. మన ఇళ్లలో నీళ్ల పైపులకి వాడే జాతి ప్లాస్టిక్కే. ఆ గొట్టాన్ని వేడి చేసి, ఒక చిన్న భాగాన్ని కావలసిన కొలతకి ఉబ్బించి అలాగే గట్టిపడనిస్తే, ముడిచినప్పుడు సన్నగా అణిగి ఉంటుంది, ఊదితే సరిగ్గా అదే కొలతకి వస్తుంది. ఆ చిక్కులో సగం ఆ వంటగది బల్ల మీదే తీరిపోయింది.

ఆ బెలూన్లలో గాలి నింపరు. పొరపాటున పగిలితే గాలి బుడగ నాళాన్ని అడ్డుకుంటుంది. అందుకని సెలైన్‌లో రంగు ద్రవం కలిపి నింపుతారు, ఎక్స్‌రేలో కనిపిస్తుంది కూడా. ఇప్పుడు స్టెంట్ వేసేటప్పుడు ఆ ఒత్తిడి 12 అట్మాస్ఫియర్ల దాకా మామూలుగా వెళ్తుంది. కారు టైరులో ఉండేది 2 అట్మాస్ఫియర్ల పైచిలుకు. కారు టైరుకి ఐదారు రెట్ల ఒత్తిడి, పెసరగింజ లావు బెలూన్‌లో! బెలూన్ ఉబ్బి ఉన్నంతసేపు ఆ నాళంలో రక్తం ఆగిపోతుంది. "ఎవరో ఛాతీ మీద కూర్చున్నట్టయింది, టెన్షన్ పడేలోపే లేచి వెళ్లిపోయారు" అని నాన్న చెప్పారు. ఆ కూర్చోవడం బెలూన్ ఉబ్బడం, ఆ లేవడం బెలూన్ దించేయడం.

1977 సెప్టెంబర్ 16న గ్రుంట్‌సిగ్ మొదటిసారి మెలకువగా ఉన్న మనిషి గుండె నాళంలో ఆ బెలూన్ ఊదాడు. రోగి వయసు 38. ఏదైనా తేడా వస్తే ఆపరేషన్ చేయడానికి సర్జన్లు సిద్ధంగా ఉన్నారు, వాళ్ల అవసరం రాలేదు. పదేళ్ల తర్వాత మళ్లీ ఫొటో తీసి చూస్తే ఆ నాళం తెరిచే ఉంది. నాకు గ్రుంట్‌సిగ్ మీద గౌరవం పెరిగింది ఆ తర్వాతి పని చూసి. 1979లో మొదటి 50 మంది వివరాలు ప్రచురిస్తూ, 32 మందిలోనే పని జరిగిందని దాచకుండా రాశాడు. తను చేస్తుండగా మిగతా డాక్టర్లు టీవీ తెర మీద చూసేలా శిక్షణ శిబిరాలు పెట్టాడు, తప్పు జరిగితే అదీ అందరికీ కనిపించేలా. 1985లో విమాన ప్రమాదంలో పోయాడు, 46 ఏళ్లకే.

బెలూన్ తీసేశాక ఏమిటి? కొన్ని నాళాలు మళ్లీ కుంచించుకుపోయేవి. కొన్ని లోపలి పొర చిరిగి అక్కడికక్కడే మూసుకుపోయేవి. బెలూన్ వెళ్లిపోయినా అక్కడ నిలబడి కాపు కాసేది ఏదో ఉండాలి. అర్జెంటీనాలో పుట్టి అమెరికాలో పనిచేసిన హూలియో పల్మాజ్ 1978లో గ్రుంట్‌సిగ్ ఉపన్యాసం విని దీని వెంట పడ్డాడు. మొదట సన్నని తీగలు అల్లి, అవి కలిసే చోట్ల సోల్డరింగ్ చేసి చూశాడు. తర్వాత తన గ్యారేజీలో పడి ఉన్న ఇనప జాలీ ముక్క ఒకటి ఆయన కంటపడింది. గోడకి ప్లాస్టరింగ్ చేసేటప్పుడు తాపీమేస్త్రీలు వాడే రకం. రేకుకి వరసగా గాట్లు పెట్టి లాగితే, ఎక్కడా అతుకు లేకుండా ఆ గాట్లన్నీ డైమండ్ ఆకారంలో విచ్చుకుంటాయి.

వినాయక చవితి పందిళ్లలో కట్టే రంగు కాగితపు జాలీ మీరు చిన్నప్పుడు చేసే ఉంటారు. కాగితం మడిచి, కత్తెరతో ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి గాట్లు పెట్టి, విప్పి మెల్లగా లాగితే జానెడు కాగితం మూరెడు వల అవుతుంది. స్టెంట్ కూడా ఇలాగే. సన్నని స్టీలు గొట్టానికి గాట్లు పెట్టి, ముడిచిన బెలూన్ మీద తొడుగుతారు. బెలూన్ ఉబ్బితే జాలీ విచ్చుకుంటుంది. స్టీలు ఒకసారి వంగితే వంగినట్టే ఉండిపోతుంది కాబట్టి, బెలూన్ వెనక్కి వచ్చేసినా జాలీ అక్కడే నిలబడుతుంది. మనిషి గుండె నాళంలో మొట్టమొదటి స్టెంట్ 1986లో ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో జాక్ ప్యుయెల్ వేశాడు, అది స్ప్రింగులా తనంతట తనే విచ్చుకునే వేరే రకం. పల్మాజ్ తరహా స్టెంట్‌కి అమెరికాలో గుండె నాళాల కోసం అనుమతి 1994లో వచ్చింది.

ఇంతలో ఇంకో తలనొప్పి. లోహం తగిలిన గాయం మానుతూ మానుతూ లోపల కండ పెరిగి దారిని మళ్లీ ఇరుకు చేసేది. దానికి పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ దీవి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీసిన సిరోలిమస్ మందు పనికొచ్చింది. దాన్ని స్టెంట్ మీద పూతగా పూసి, మెల్లమెల్లగా విడుదలయ్యేలా చేశారు. 1999 చివర్లో బ్రెజిల్‌లోని సావోపాలోలో మొదటి రోగులకి వేశారు.

మన హైదరాబాదు కూడా ఈ కథలో ఉంది. 1990లలో దిగుమతి స్టెంట్ల ధర మామూలు కుటుంబం మోయలేనంత ఉండేది. అప్పుడు రక్షణ పరిశోధన సంస్థలో ఉన్న అబ్దుల్ కలాం గారు, గుండె వైద్యులు సోమరాజు గారు కలిసి ఇక్కడే స్టెంట్ తయారు చేయించారు. దాని పేరే కలాం–రాజు స్టెంట్. క్షిపణుల కోసం లోహాల మీద పనిచేసిన, హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ ప్రయోగశాలల పరిజ్ఞానమే దానికీ ఆధారం. లోహం ఎంత వంగుతుంది, ఎన్నిసార్లు వంగితే అలసి విరుగుతుంది అన్న లెక్క క్షిపణికీ కావాలి, గుండెకీ కావాలి. గుండె రోజుకి దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది, పదేళ్లకి 40 కోట్ల సార్ల దాకా. అందుకే కొత్త స్టెంట్ డిజైన్ ఏదైనా అన్నిసార్లు సాగదీసి వదిలే యంత్రాల మీద నెగ్గాకే మనిషి దాకా రావాలి. ధర సంగతి పూర్తిగా తేలడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంట్‌కి 29,600 రూపాయలు, మామూలు దానికి 7,260 రూపాయలు అని గరిష్ఠ ధర పెట్టింది. అంతకుముందు లక్ష దాటి బిల్లు వేసినవి ఉన్నాయి. పరికరం కనిపెట్టడం ఎంత పెద్ద పనో, అది కూలీనాలీ చేసుకునే ఇంటికి చేరడం కూడా అంత పెద్ద పనని నేను గట్టిగా నమ్ముతాను.

నిజంగా వాల్వు పాడైనవాళ్లకీ ఇదే ఎత్తుగడ పనికొచ్చింది. 1989లో డెన్మార్క్‌లో హెన్నింగ్ ఆండర్సన్ అనే యువ డాక్టరు హార్డ్‌వేర్ షాపులో కొన్న తీగ, కసాయి దగ్గర తెచ్చిన పంది గుండెలతో మడిచి పంపగల వాల్వు చేసి, పందికి అమర్చాడు. 2002 ఏప్రిల్ 16న ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలాన్ క్రిబియె మొదటిసారి మనిషికి అలాంటిది వేశాడు. ఆ రోగికి 57 ఏళ్లు, ఆపరేషన్ తట్టుకోలేని స్థితి. సన్నగా వెళ్లి లావుగా విచ్చుకోవడమే ఇక్కడా, కాకపోతే పెసరగింజ బదులు రూపాయి బిళ్లంత వెడల్పు.

స్టెంట్ వేసిన కొత్తలో రెండు మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దని డాక్టరు నాన్నకి మరీ మరీ చెప్పారు. రక్తానికి లోహం పరాయిది. తగలగానే దాని మీద గడ్డ కట్టాలని చూస్తుంది. ఆ మాత్రలు గడ్డ కట్టకుండా అడ్డుకుంటుంటే, ఆ సందులో నాళం తన లోపలి పొరని మెల్లగా ఆ జాలీ మీదికి పాకిస్తుంది. నెలలు గడిచాక జాలీ కడ్డీలు గోడ లోపలికి కలిసిపోతాయి, పైన రక్తం పాత దారిలోనే పోతుంటుంది. నాన్నకి ఇప్పుడు ఏడాది దాటింది. రెండు మాత్రల్లో ఒకటి డాక్టరే ఆపించారు. కార్డు ఎవరికీ చూపించడం లేదు గానీ, పర్సులోంచి మాత్రం తీయనివ్వరు. ఎప్పుడైనా ఎంఆర్ఐ స్కాన్ తీయాల్సి వస్తే ముందు అది చూపించమన్నారు.